పిల్లల పైచదువును సహకార సంఘమును

మార్టూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో ప్రత్తియు మిరపయు పండించు రైతునకు రెండు పెట్టుబడులు ఒక్కసారిగా మీదపడు కాలమొకటి గలదు. తొలకరి పడగానే ప్రత్తి విత్తనమునకు, ఎరువునకు, అరక కూలికి డబ్బు కావలెను. ఆ వెనుకనే మిరప నారు, నాటు కూలి, పురుగు మందులు వచ్చును. సరిగా ఆ నెలలలోనే, అనగా జూను మొదలు సెప్టెంబరు వరకు, ఇంటరు ముగించిన కుమారునికో కుమార్తెకో కళాశాల ప్రవేశమునకును, హాస్టలు అడ్వాన్సునకును, పుస్తకములకును సొమ్ము కావలసివచ్చును. మిరపకాయ కల్లము విడిచి గుంటూరు యార్డునకు చేరి డబ్బు చేతికి వచ్చుట మాఘము మొదలు చైత్రము వరకు గల నెలలలో గదా! ఆ డబ్బు పాత బాకీలకును, కౌలునకును, ఇంటి అక్కరలకును పోయి, కళాశాల తలుపు తెరచునాటికి రైతు చేయి ఖాళీగా నుండును. పైరు పంచాంగమును చదువు పంచాంగమును ఇట్లు ఒకదానితో నొకటి కలియకపోవుటయే మన కుటుంబములు పిల్లల చదువులకై అప్పులపాలగుటకు ముఖ్య కారణమని మా యభిప్రాయము. డబ్బు బొత్తిగా లేకపోవుట అటు తరువాతి మాట.

పైరు విషయమున మన రైతు లెక్క తెలియనివాడు కాడు. ఏ విత్తనము ఏ నేలకు తగును, సాలునకు సాలునకు ఎంత యెడముండవలెను, వాన వెనుకబడినచో ఏమి చేయవలెను అని పదిమందిని అడిగి గాని చేనిలో అడుగు పెట్టడు. ఎకరము పైరునకు ఇంత విచారము చేయువాడు, నాలుగేండ్ల చదువు విషయమున మాత్రము ఒక్కదినములో, ఎవరో ఏజెంటు చెప్పిన మాటమీద, సంతకము చేయుచున్నాడు. ఇది యాతని దోషమని మేమనము. అడుగుటకు తగిన చోటు లేకపోవుటయే దోషము. విత్తనమునకు అప్పిచ్చు సంఘము ఈ విషయమున సలహా కూడ నీయవలెనని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

సలహా లేనిచో ఏమగునో మేమెరిగిన యొక కుటుంబపు సంగతి వలన తెలియగలదు. ఆ బాలిక ఇంటరులో మంచి మార్కులే తెచ్చుకొన్నది. ప్రవేశ పరీక్షలో చెప్పుకొనదగిన ర్యాంకే వచ్చినది. కళాశాలల పేర్లు వరుసగా ఎన్నుకొనవలసిన దినములలో తండ్రి ప్రత్తి విత్తుచున్నాడు. దరఖాస్తులో వ్రాయించిన సెల్‌ఫోను నంబరు అతనిది. దానికి వచ్చిన ఓటీపీ చేనిలోనే మురిగిపోయినది. గడువు దాటినది. తరువాత ఒక ప్రైవేటు కళాశాలలో యాజమాన్యపు కోటా సీటును రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్నారు. అట్టి సీటునకు ప్రభుత్వపు ఫీజు సహాయము వర్తింపదని ఆ తరువాత గాని వారికి తెలియలేదు. మరుసటి యేడు వారి పొలములో ఒక యెకరము పరుల పేర రిజిష్టరైనది. ఆ బాలికకు బుద్ధి కొరవడలేదు. తండ్రికి ప్రేమ కొరవడలేదు. తగిన వేళ చెప్పువారే కొరవడిరి.

నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ యనగా ఎంతయో కాగితముమీద వేసి చూతము. లక్ష రూపాయలకు నెలకు 2,000, సంవత్సరమునకు 24,000, నాలుగేండ్ల చదువు ముగియునాటికి 96,000. చక్రవడ్డీ వేయకయే అసలు దాదాపు రెట్టింపైనది. సకాలమున తీర్చువారికి 3 లక్షల వరకు పైరు అప్పు నూటికి నాలుగు చొప్పున దొరకుచుండగా, ఆ అప్పును ఫీజునకు మళ్లించి, పైరునకు వ్యాపారి వద్ద రెండు రూపాయలకు తెచ్చువారు కూడ గలరు. ఇది ఎడమ చేతి కట్టు విప్పి కుడి చేతికి కట్టుటవంటిది, పుండు మానదు.

ఒక మంచి పంట వచ్చిన చాలు, ఫీజు కట్టివేయగలమని కొందరందురు. నాలుగేండ్ల చదువును ఒక్క యేటి ధరను నమ్మి మొదలుపెట్టరాదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలను ఎట్లు ఎండబెట్టినదో మరువరాదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయల ధరను ప్రకటింపవలసివచ్చెను. పురుగును ధరను మన చేతిలోనివి కావు. మంచి యేట కొంత తీసి ప్రక్కనుంచుట మన చేతిలోనిది. బిడ్డ ఎనిమిదవ తరగతిలో చేరిన యేటి నుండి మిరప డబ్బు వచ్చిన వారములోనే 25,000 రూపాయలు డిపాజిట్టు చేసినచో, ఇంటరు ముగియునాటికి ఐదేండ్లకు 1,25,000 అసలును, దానిపై వడ్డీయు చేతిలో నుండును. అంత శక్తి లేనివారు పదివేలే వేయుదురు గాక. మొదటి సంవత్సరపు ఫీజునకు వ్యాపారి గడప త్రొక్కకుండ కాపాడునది ఆ మొత్తమే.

ఇక ప్రవేశ మార్గముల సంగతి. మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, సీటు రెండు విధములు: ర్యాంకు వలన వచ్చునది, డబ్బు వలన వచ్చునది. మన రాష్ట్రమున ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో నూటికి 70 సీట్లు కన్వీనరు కోటావి, 30 యాజమాన్యమువి. మొదటి దానికి ప్రభుత్వము నిర్ణయించిన ఫీజు, అర్హులకు ప్రభుత్వ సహాయము గలవు. రెండవదానికి సహాయము లేదు. ఈ యొక్క భేదము తెలిసిన తండ్రి ఏజెంటు మాటకు లోబడడు. కన్వీనరు సీటునకు త్రోవ ఈఏపీసెట్ పరీక్ష. దీనిలో ఇంటరు మార్కులకు కూడ నూటికి 25 పాళ్లు విలువ గలదు గనుక ఊరి కళాశాలలో శ్రద్ధగా చదివి తెచ్చుకొన్న మార్కులు వృథాగాపోవు. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. మొదలగు డిగ్రీ తరగతులకు 2020 నుండి వేరుగా ఆన్‌లైను ప్రవేశములు జరుగుచున్నవి. పదవ తరగతితోనే ఆరేండ్ల చదువునకు పోదలచినవారికి 2008లో నూజివీడు, ఇడుపులపాయలలో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలు గలవు. 2016లో ఒంగోలు, శ్రీకాకుళముల శాఖలు వాటికి తోడయ్యెను. వీటికి పదవ తరగతి మార్కులే ఆధారము. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి అదనముగా నూటికి నాలుగు పాళ్లు కలుపుదురు.

వ్యవసాయ విద్యను గూర్చి రెండు మాటలు చెప్పకుండుట మాకు తగదు. ఒకప్పుడు తెలుగు రైతుబిడ్డ వ్యవసాయ పట్టము గోరినచో కోయంబత్తూరు పోవలసియుండెను. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వెలసినది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయము నేడు నిడుబ్రోలు బిడ్డయైన ఆచార్య ఎన్.జి. రంగాగారి పేర నడచుచున్నది. బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలయు, ఆహార సాంకేతిక కళాశాలయు గలవు. వ్యవసాయ బి.ఎస్‌సి.కి బై.పి.సి. చదివి ఈఏపీసెట్ వ్రాయవలెను. ఇందులో రైతుల కోటా యని నూటికి 40 సీట్లు ప్రత్యేకింపబడియున్నవి. మునిసిపాలిటీ కాని ఊళ్లలో కనీసము నాలుగేండ్లు చదివియుండుట, తమ పేరనో తలిదండ్రుల పేరనో కనీసము ఒక యెకరము భూమి యుండుట దీనికి నిబంధనలు. ఊరి బడిలో చదివిన ఆ నాలుగేండ్లే ఇచ్చట తాళపుచెవి యగుచున్నవి. ఈ కోటా యున్నదనియే ఎరుగని రైతులను మేము పల్లెపల్లెకును చూచుచున్నాము. ఏ యేటి నిబంధన లేమో ఆ యేటి ప్రవేశ ప్రకటన తెప్పించి చదువుకొనుట అవసరము. ఇంటరు చదువు సాగనివారికి పదవ తరగతి తరువాత రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా గలదు. అది ముగించినవారు అగ్రిసెట్ వ్రాసి బి.ఎస్‌సి.లో చేరవచ్చును.

రైతుల కోటా విషయమున ఒక యన్యాయమును కూడ చెప్పవలసియున్నది. మన మైదానములలో ప్రత్తి, మిరపలను పండించువారిలో కౌలుదారులు వేలకొలది గలరు. పురుగుతో పోరాడువాడు కౌలురైతు. ధర పడినపుడు మునుగువాడు కౌలురైతు. పిల్లవాని దరఖాస్తులో మాత్రము అతడు రైతు కాడు, ఏలయన భూమి అతని పేర లేదు. 2019లో మన రాష్ట్రము పంట సాగుదారు హక్కుల చట్టము చేసి కౌలుదారునకు పదునొకండు నెలల కార్డు నిచ్చుచున్నది. పైరు అప్పునకును, భీమాకును పనికివచ్చు ఆ కార్డు అతని బిడ్డ చదువునకు ఏల పనికిరాకుండవలెను? వరుసగా కొన్ని యేండ్లు అట్టి కార్డు గలవారి పిల్లలను రైతుల కోటాలో చేర్చుకొనవలెనని మన సంఘములు తీర్మానించి విశ్వవిద్యాలయమునకు పంపుట న్యాయము.

కాగితముల విషయమున జాగ్రత్త విత్తనశుద్ధి వంటిది. చేయనివానికి దాని లోపము మొలకలనాడు గాని తెలియదు. పదవ తరగతి మార్కుల పట్టికలో ఇంటిపేరు ఒక విధముగను, ఆధారు కార్డులో మరియొక విధముగను ఉండుట మన పల్లెలలో మిక్కిలి సాధారణము. దానిని కౌన్సెలింగు వారములో దిద్దుట సాధ్యము కాదు. ముందటి డిసెంబరులోనే దిద్దించుకొనవలెను. ఆరవ తరగతి మొదలు ఇంటరు వరకు స్టడీ సర్టిఫికెట్లు, కులము, ఆదాయము పత్రములు, పట్టాదారు పాసుపుస్తకము, 1బి, అడంగలు, బ్యాంకు ఖాతాకు ఆధారు జతపరచుట, ఇవి యన్నియు మిరప కోతల వేళకే ఒక సంచిలో సిద్ధముగా నుండవలెను. రిజర్వేషనులు లేని కులములలోని పేదవారికి 2019 నుండి నూటికి పది సీట్లు గలవు గాని, కేంద్ర విద్యాసంస్థలలో వాటిని గోరు కుటుంబమునకు ఐదెకరములుగాని అంతకు మించిగాని సేద్యపు భూమి యుండరాదు. దరఖాస్తులో సెల్‌ఫోను నంబరు ఇంటిలో చదువుకొన్నవారిదై, ఆ దినములలో ఎప్పుడును చేతిలో నుండునదై యుండవలెను. ఇది చిన్న మాటయే గాని, పైన చెప్పిన బాలిక సీటును పోగొట్టినది ఈ చిన్న మాటయే.

ఫీజు చెల్లించు మార్గములు మూడు. మొదటిది ప్రభుత్వ సహాయము. మన రాష్ట్రమున 2008 నుండి ఫీజు రీయింబర్సుమెంటు పేర్లు మారుచు నడచుచున్నది. 2020 నుండి కొంతకాలము తల్లి ఖాతాలో వేసిరి. 2024-25 నుండి కళాశాలల ఖాతాలకే పంపుటకు నిర్ణయించిరి. ఎవరి ఖాతాలో వేసినను ఆ డబ్బు ఆలస్యముగా వచ్చుట పలుమారు జరిగినది. కావున దానిని కాలువ నీటివలె చూడవలెను: వచ్చునని నమ్మవచ్చును గాని, ఆ తడిమీదనే ప్రాణము పెట్టుకొనరాదు. ఒక యేటి ఫీజునకు తగిన డిపాజిట్టు చేతిలోనున్నచో ఆలస్యమైనను చదువు ఆగదు.

రెండవది స్కాలర్‌షిప్పు. ఇంటరులో తమ బోర్డు విద్యార్థులలో మొదటి ఇరువది శాతములో నిలిచి, కుటుంబ ఆదాయము సంవత్సరమునకు 4,50,000 మించనివారు కేంద్ర ప్రభుత్వపు స్కాలర్‌షిప్పునకు జాతీయ పోర్టలులో దరఖాస్తు పెట్టవచ్చును. డిగ్రీ మూడేండ్లును ఏటికి 12,000 రూపాయలు వచ్చును. హాస్టలు భోజనమునకు ఇది కొంత ఊరట. అయితే ఫీజు సహాయము మొదలగునవి పొందుచున్నవారు రెండును కలిసి వచ్చునో రావో ముందుగా విచారించుకొనవలెను.

మూడవది బ్యాంకు విద్యా ఋణము. బ్యాంకుల మాదిరి పథకము ననుసరించి 4 లక్షల వరకు తనఖా యక్కరలేదు, మన వంతుగా ముందు చెల్లింపవలసిన సొమ్మును లేదు. చదువు ముగిసిన తరువాత ఒక సంవత్సరము వరకు కంతు కట్టనక్కరలేదు. తీర్చుటకు 15 సంవత్సరముల వరకు గడువు గలదు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము వలన, ఎంపిక చేయబడిన ఉత్తమ సంస్థలలో ప్రతిభ వలన సీటు వచ్చినవారికి తనఖాగాని పూచీదారుగాని లేకయే ఋణము లభించును. కుటుంబ ఆదాయము 8 లక్షలలోపు వారికి, 10 లక్షల వరకు గల ఋణముపై, చదువు కాలములోను ఆ పై గడువులోను వడ్డీలో నూటికి మూడు తగ్గింపు గలదు. పొలము తనఖా లేకయే అప్పు పుట్టు త్రోవ యుండగా, పొలము కాగితములు పట్టుకొని వడ్డీ వ్యాపారి ఇంటికి నడచుట విచారకరము. అప్పు అప్పే; చదువు పూర్తిచేయని వానికి అది భారమే. అయినను నూటికి పది, పదకొండు వడ్డీకి తెచ్చిన అప్పునకును ఇరువదినాలుగు వడ్డీకి తెచ్చిన అప్పునకును గల భేదము ఒక యెకరము పొలమంత యుండును.

కళాశాలలో చేరిన పిదప మంచి సీటు వేరొకచోట వచ్చినచో కట్టిన డబ్బు పోయినట్లేయని తలచువారు పెక్కురు. విశ్వవిద్యాలయముల సంఘము, అనగా యూజీసీ, 2018 అక్టోబరులో ప్రకటించిన నియమముల ప్రకారము, ప్రవేశపు కడపటి తేదీకి 15 దినములు ముందుగా మానుకొన్నచో ఫీజు యావత్తును, అటు తరువాత గడువునకు ముందైనచో నూటికి 90, గడువు దాటిన 15 దినములలో 80, ముప్పది దినములలోపు 50 వంతున తిరిగి యీయవలెను. అసలు సర్టిఫికెట్లను కళాశాల యట్టిపెట్టుకొనరాదు. ఈ నియమములను కాగితముమీద చూపి అడుగువానికిని, చేతులు కట్టుకొని బతిమాలువానికిని వచ్చు జవాబు ఒకటి కాదు.

ఇదంతయు సంఘము పని కాదనియు, సంఘము అప్పులిచ్చి రాబట్టుకొనుటకే యున్నదనియు ఆక్షేపించువారుందురు. 1904 నాటి చట్టము పరపతి సంఘములనే తలచినది నిజమే. 1912 నాటి చట్టమే ఇతర కార్యములకు తలుపు తీసినది. 1844లో ఇంగ్లాండు దేశమున రాచ్‌డేల్ పట్టణపు నేతపనివారు మొదలగువారు నెలకొల్పిన సంఘము తన మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకై కేటాయించినది. నేటి సంగతి చూచినను, 2023 ఫిబ్రవరిలో జరిగిన ఒడంబడిక వలన ప్రాథమిక సంఘములు సామాన్య సేవా కేంద్రములుగా పనిచేసి 300కు మించిన ఆన్‌లైను సేవలు చేయుటకు వీలు కలిగినది. యంత్రము సంఘమున నున్నచో దరఖాస్తునకు మన బిడ్డ పట్టణపు నెట్ సెంటరునకు ఏల పోవలెను?

చదివి ఏమి లాభము, ఉద్యోగములు లేవు గదాయని మరికొందరందురు. చదివినవారందరికి ఉద్యోగము దొరకదనుట సత్యమే. ఏ చదువునకు ఏమి ఫలమో విచారింపక చేరుటవలన వచ్చిన చేటు గూడ అందులో గలదు. సలహా కావలెననుట అందుకే. మన తోటలలో పేరుగన్న ఎల్.సి.ఎ. 334 మిరప లాం పరిశోధనా స్థానములో పుట్టినది. దానిని ఎన్నిక చేసినవారు కళాశాలలో వ్యవసాయము చదివినవారే గదా!

కావున మేము సూచించునది స్వల్పము. ఫిబ్రవరి నెలలో ప్రతి సంఘమును తన సభ్యుల పిల్లలలో పదవ తరగతియు, ఇంటరు రెండవ సంవత్సరమును చదువుచున్నవారి జాబితా వ్రాయవలెను; కౌలుదారుల పిల్లలను ఆడుపిల్లలను అందులో మరువరాదు. రెండు ఆదివారములు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులను, సచివాలయపు ఉద్యోగులను పిలిచి కాగితములు సరిచూపవలెను. మిరప అమ్మకముల వేళ విద్యా డిపాజిట్టు తెరచి, దానిని సభ్యుని పాత బాకీకి జమకట్టుకొనమని తీర్మానము చేయవలెను. ఈ నమ్మకము లేనిదే ఎవ్వరును సంఘములో డబ్బు వేయరు. కౌన్సెలింగు దినములలో చదువుకొన్న ఊరి యువకునో యువతినో సంఘపు కంప్యూటరు వద్ద కూర్చుండబెట్టి కొద్దిపాటి ప్రతిఫల మీయవలెను. మిగులు గల సంఘములు అందులో కొంత పేద విద్యార్థుల దరఖాస్తు రుసుములకు కేటాయింపవలెను.

వీటిలో ఏదియు గొప్ప వ్యయము గలది కాదు. రాబోవు మహాజన సభలో ఎరువుల లెక్కలు ముగిసిన పిదప ఒక్క అరగంట ఈ విషయమునకీయుడని సభ్యులను, అధ్యక్షులను వేడుచున్నాము. చేతులు కాలిన పిదప ఆకులు వెదకుటకన్న, ఆకులు ముందే కోసియుంచుట రైతునకు తెలియని విద్య కాదు. అదను తప్పిన పైరును మరుసటి యేడు వేసికొనవచ్చును. అదను తప్పిన చదువు పెక్కుమందికి మరల రాదు. తల్లిదండ్రుల పొలము నిలువవలెను, బిడ్డ చదువును సాగవలెను. రెండును సాగు త్రోవ గలదు. ఆ త్రోవ చూపుట సంఘమునకు విధియని మా మనవి.